నాలుగో గడి

జూలై 7, సోమవారం

పరిశీలన ఫారాలు ఇచ్చారు. ఎనిమిది. నెల రోజుల్లో ఎనిమిది పీరియడ్లు ఒకే టీచర్ పాఠాన్ని క్లాసు వెనక కూర్చుని చూడాలి. రెండు నిమిషాలకోసారి తలెత్తి, ఆ క్షణంలో టీచర్ ఏం చేస్తున్నారో చూసి, నాలుగు గడుల్లో ఒకదానిలో టిక్ పెట్టాలి. మెచ్చుకోలు, మందలింపు, సూచన, ఖాళీ. కింద రెండు గీతల చోటు, దానిపైన అచ్చులో ‘గమనించినవి మాత్రమే’ అని ఉంది.

ట్రెయినింగ్ కాలేజీలో మా లెక్చరర్ మేడమ్ మూడుసార్లు చెప్పారు. పెన్నుతోనే రాయాలి. కొట్టివేత ఉన్న ఫారం చెల్లదు. ఒక్క ఫారం చెల్లకపోయినా నెలంతా చెల్లదు, జనవరిలో మళ్ళీ మొదటినుంచి చేయాలి. తెల్ల ఇంకు పూసి తెచ్చిన వాళ్ళను ఆవిడ క్లాసులోంచి పంపేశారట.

అందరికీ లెక్కలో సైన్సో పడ్డాయి. నాకు ఏడో తరగతి డ్రాయింగ్ పడింది. ఎనిమిదో తరగతిలో బొమ్మకు మొదటి బహుమతి వచ్చిందని దరఖాస్తులో రాశాను, అందుకే అయుండాలి. లేకపోతే ఎవరో కావాలనే పడేశారు. ఆ జాబితా రాసింది ఎవరో తెలుసుకోవాలి.

నాన్న ఇస్త్రీకి బట్టలు తెచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేశాడు. “మా అమ్మాయి టీచర్ల మీద టీచరండీ ఇప్పుడు.”

“కాదు నాన్నా, ట్రెయినింగే.”

“అదేనమ్మా. వాళ్ళను చూసి రాసేది నువ్వేగా? నిన్ను చూసి వాళ్ళు రాయరుగా?”

అమ్మ చొక్కా మడత పెడుతూ, “చూసి రాసేటప్పుడు కాస్త చూసి రాయి” అంది. ఆమె చదువుకోలేదు, ఒక్కోసారి ఇలాగే మాట్లాడుతుంది.

జూలై 8, మంగళవారం

మొదటి ఫారం: మెచ్చుకోలు 0. మందలింపు 1. సూచన 3. ఖాళీ 18.

ఇలాంటి పాఠం నేనెక్కడా చూడలేదు. గది మేడ మీద వరండా చివర ఉంది. ఒక పక్కంతా కిటికీలు. బెంచీకి నలుగురు. నలుగురికీ కలిపి ఒక్కటే రబ్బరు, అది కూడా దారంతో బెంచీ మేకుకు కట్టి ఉంది. అంత పిసినారితనం ఎందుకో.

డ్రాయింగ్ మేడమ్‌కు యాభై దాటి ఉంటాయి. కళ్ళజోడు తాడుకే బీరువా తాళంచెవి కట్టుకుని ఉంటారు. బోర్డు మీద ‘ఇంట్లో పని చేసే చెయ్యి’ అని రాసి, “నెలంతా ఇదే. ఒక్కటే షీటు. గీయండి” అన్నారు. అంతే పాఠం. నెలాఖరు దాటాక, ఒకటో తారీఖున, ఈ బొమ్మలతో ప్రదర్శన ఉందట.

తర్వాత ఆవిడ చేసిందల్లా బెంచీల మధ్య తిరగడం, ఉన్నట్టుండి ఎవరో ఒకరి పక్కన ఆగడం, ఆగి కిటికీలోంచి బయటికి చూడటం. పిల్లల కాగితం వైపు కూడా చూడరు. బయట ఏముందని నేనూ చూశాను. నీళ్ళ ట్యాంకు ఉంది. ఖాళీ గడిలో టిక్కు మీద టిక్కు పెడుతూనే ఉన్నాను.

నా ముందు కూడా ఒక షీటు పెట్టారు.

“నేను గీయకూడదండీ, పరిశీలించాలి.”

“ఈ గదిలో ఊరికే కూర్చునేవాళ్ళు ఉండరమ్మా. రెండు నిమిషాలకోసారి తలెత్తుతావుగా. మధ్యలో గీయి.”

నేను గమనించకుండా చేయడానికే అలా అన్నారనిపించింది.

జూలై 10, గురువారం

మెచ్చుకోలు 0. మందలింపు 2. సూచన 2. ఖాళీ 18.

పిల్లలు నాకు ‘చిన్న టీచర్’ అని పేరు పెట్టారు. నా ముందు బెంచీలో ఒక అమ్మాయి ఉంది, దాన్నందరూ ‘నత్త’ అంటారు. గీత గీయడానికి ముందు పెన్సిలు గాల్లో పది సార్లు తిరుగుతుంది. గీసిందా, ఇక చెరపడమే. రబ్బరు ఎప్పుడూ దాని దగ్గరే.

“ఒసేయ్ నత్తా, రబ్బరు మింగేశావా ఏంటి?”

“ఒక్క నిమిషం ఆగవే.”

“నీ నిమిషమంటే వచ్చే వారం. ఇవ్వు. నాకు ఇక్కడ తప్పొచ్చింది.”

“ఎక్కడ? బానే ఉందిగా ఏనుగు కాలు.”

“అది మా నానమ్మ చెయ్యే!”

బెంచీ అంతా నవ్వింది. మేడమ్ మందలిస్తారని పెన్ను సిద్ధంగా పెట్టుకున్నాను. ఆవిడ కూడా నవ్వారు. నవ్వుకు గడి లేదు.

నత్త వాళ్ళ నాన్న చెయ్యి గీస్తోంది, ఏదో మిషను మీట పట్టుకుని ఉంది. ఐదు వేళ్ళు, ఐదూ ఒకేలా, పెన్సిళ్ళు కట్ట కట్టినట్టు. పాపమనిపించి వంగి, “చాలా బాగుంది” అన్నాను. ప్రోత్సాహం ఎలా ఇవ్వాలో మాకు నేర్పారు. పేరు పెట్టి, చిరునవ్వుతో, వెంటనే. ఆ పిల్ల చేత్తో కాగితం కప్పేసుకుంది. మేడమ్ నా వైపు ఒకసారి చూశారు. ఆ చూపు నాకు నచ్చలేదు.

నేను అమ్మ చెయ్యి గీశాను. ఇస్త్రీ పెట్టె సరిగా రాలేదు, తీసేసి పుస్తకం పెట్టాను. అమ్మకు చదువు రాదని బొమ్మలో ఎవరికి తెలుస్తుంది? మణికట్టు దగ్గర ఎందుకో కుదరక నాలుగైదు సార్లు చెరిపి, గాజులు వేశాను. ఇప్పుడు అందంగా ఉంది. మేడమ్ నా పక్కకు రానే రాలేదు. నా ఫారం చూసి భయపడుతున్నారేమో.

జూలై 11, శుక్రవారం

ఇంట్లో గోడ మీది నా బహుమతి బొమ్మ అద్దం తుడిచాను. నెమలి. ఇస్త్రీ బల్లకు ఎదురుగా నాన్న కట్టించిన ఫ్రేమ్. ఆవిరికి ఒక మూల ఉబ్బింది.

జూలై 15, మంగళవారం

ఇది వెంటనే రాసుకోవాలి.

ఇంటర్వెల్‌లో నీళ్ళ సీసా మర్చిపోయానని మళ్ళీ మేడ మీదికి వెళ్ళాను. తలుపు ఓరగా వేసి ఉంది. లోపల మేడమ్ ఒక్కరే. పిల్లల షీట్లన్నీ బల్ల మీద. ఒక్కొక్క షీటూ తీసి కిటికీ అద్దానికి ఆనించి పట్టుకుంటున్నారు. ఎండ వెనకనుంచి పడుతోంది. రెండో చేతిలో పెన్సిలు. కాగితానికి తాకిస్తున్నారు, తీస్తున్నారు, ఇంకోటి అందుకుంటున్నారు.

కాగితాన్ని కిటికీ అద్దానికి ఆనించి పెన్సిలు పట్టుకునేది ఎందుకో నాకు బాగా తెలుసు. ఎలా తెలుసో ఇక్కడ అనవసరం.

సీసా తీసుకోకుండానే వచ్చేశాను.

జూలై 17, గురువారం

నేననుకున్నదే అయింది.

మంగళవారం గంట కొట్టేసరికి నత్త బొమ్మలో ఐదు వేళ్ళూ పెన్సిళ్ళ కట్టలాగే ఉన్నాయి. నా కళ్ళతో చూశాను. ఈ రోజు షీట్లు పంచేసరికి ఆ చెయ్యే వేరు. వేళ్ళకు కణుపులు వచ్చాయి. మీట మీద బిగువు వచ్చింది. చూపుడు వేలు సగానికి తెగి, చివర గుండ్రంగా మూసుకుపోయి ఉంది. పన్నెండేళ్ళ పిల్లకు, అందులోనూ నత్తకు, తెగిన వేలు గీసే ధైర్యం ఎక్కడిది? పెద్దవాళ్ళ చెయ్యి పడితే తప్ప అలాంటిది రాదు.

మంగళవారం నుంచి ఈ రోజు దాకా షీట్లు బీరువాలో ఉన్నాయి. తాళంచెవి ఆవిడ మెడలో ఉంది.

అడిగేశాను. “మేడమ్, ఈ అమ్మాయి బొమ్మ మారిందండీ.”

“అవును, మారింది” అన్నారు, వెళ్ళి ఇంకెవరి పక్కనో నిలబడి నీళ్ళ ట్యాంకు చూస్తూ.

అంత ధీమా ఏంటి! ప్రదర్శనలో తన క్లాసు బొమ్మలు బాగున్నాయనిపించుకోవడానికే ఇదంతా. ఫారం: ఖాళీ 20.

జూలై 18, శుక్రవారం

హెడ్మాస్టర్ గారు పిలిపించారు. కుర్చీ చూపించారు. ఈ స్కూల్లో నన్ను కూర్చోమన్న మొదటి మనిషి ఆయనే.

“ఏమ్మా, మా డ్రాయింగ్ మేడమ్ చెప్పేది పాఠమా, మౌనవ్రతమా?”

నవ్వు ఆపుకున్నాను. “నేను పరిశీలనలో ఉన్నానండీ.”

“ఆ ఫారాలు ఒకసారి చూడొచ్చా? ఊరికే.” తిరగేశారు. “అబ్బ! ఎంత శుభ్రంగా నింపావమ్మా! ఇరవై ఏళ్ళ సర్వీసులో ఇంత పద్ధతైన పిల్లను చూడలేదు. ఖాళీ, ఖాళీ, ఖాళీ... ఇన్నా?”

“ఉన్నవే పెట్టానండీ.”

“అదే కావాలి. చూడమ్మా, ఆవిడది ఏడాదికేడాది పొడిగించే ఉద్యోగం. ఈ నెలాఖరుకి మళ్ళీ రాయాలి. ఆ పీరియడ్లు లెక్కలకు ఇమ్మని తల్లిదండ్రులు నా ప్రాణం తీస్తున్నారు. నీ కంటికి ఇంకేమైనా కనిపిస్తే కింద రాసి ఇవ్వు. ఉన్నదానికి ఒక్క ముక్క ఎక్కువొద్దు, తక్కువొద్దు.”

చాలా న్యాయమైన మనిషి.

బయట బెంచీ మీద కూర్చుని గురువారం ఫారం తీశాను. ‘పిల్లల బొమ్మలను టీచర్ స్వయంగా దిద్దుతున్నట్టు అనుమానం’ అని మనసులో కూర్చుకున్నాను. కానీ పైన ‘గమనించినవి మాత్రమే’ అని అచ్చేసి ఉంది కదా. అనుమానానికి అందులో చోటు లేదు. అందుకని ‘పిల్లల బొమ్మలను టీచర్ స్వయంగా దిద్దుతున్నారు’ అని రాశాను. వాక్యం కూడా పొట్టిగా, బాగా వచ్చింది. సంతకం చేసి ఇచ్చాను.

“శభాష్” అన్నారు.

జూలై 20, ఆదివారం

అమ్మ ఇస్త్రీ చేస్తూ అడిగింది. “మీ మేడమ్ తిడుతుందా?”

“తిట్టదు. మెచ్చుకోదు కూడా.”

“మరేం చేస్తుంది?”

“పక్కన నిలబడుతుంది. ఎటో చూస్తూ.”

అమ్మ పెట్టె నిలబెట్టి, కాలరు తిప్పి, మళ్ళీ అందుకుంది. “నీకు ఇస్త్రీ నేర్పినప్పుడు నేనూ అంతేగా. నీ వంక చూస్తే నీ చెయ్యి వణికేది. గోడ వంక చూస్తూ నిలబడేదాన్ని. ఆ రోజు ఒక్కసారి నిన్ను చూశాను చూడు, అప్పుడే...”

ఆ రోజు సంగతి ఎత్తొద్దన్నాను. చొక్కాల పేర్ల చీటీలు సరిచేసే పని పెట్టుకుని లోపలికి వచ్చేశాను.

ఇంట్లో ఇస్త్రీ వేరు, స్కూల్లో పాఠం వేరు. ఈ రెండూ అమ్మకు ఒకటే.

జూలై 22, మంగళవారం

ఇంకో ఆధారం దొరికింది.

షీట్లు పంచడానికి నన్ను సాయం చేయమన్నారు. తిప్పి చూశాను. వెనక వైపు పెన్సిలు చుక్కలు! చాలా సన్నవి, వెతికితే తప్ప కనపడవు. క్లాసు లీడరు షీటు మీద ఒక్కటీ లేదు. నానమ్మ చెయ్యి గీసే పిల్లకు మూడు. నత్తకు ఏడు. నత్తకే ఎందుకు అన్ని? అంటే ప్రదర్శనకు ఎవరి బొమ్మలు పెట్టాలో, ఎవరివి ఎంత దిద్దాలో ముందే గుర్తులు పెట్టుకున్నారన్నమాట. బెంచీల వారీగా పట్టిక గీసుకున్నాను. ఏ వరసలోనూ పొంతన కుదరలేదు. కుదరకుండా పెట్టడమే ఆవిడ తెలివేమో.

నా షీటు నా ఫైల్లోనే ఉంచుకుంటున్నాను.

జూలై 24, గురువారం

పాఠం చివర్లో హెడ్మాస్టర్ గారు గదిలోకి వచ్చారు. పిల్లలను బయటికి పంపారు. నా ఫారం తీసి చదివారు, పైకే.

మేడమ్ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు. నన్నడిగారు. “చూశావా అమ్మా?”

“కిటికీ దగ్గర చూశానండీ. షీట్లు అద్దానికి ఆనించి, పెన్సిలుతో...”

“చూశావు” అన్నారు.

ఇంకేదో చెప్తారని ఆగాను. హెడ్మాస్టర్ గారు కూడా ఆగారు. ఆవిడ చెప్పలేదు.

“ఏడో తరగతి బొమ్మలు ప్రదర్శనలో పెట్టనివ్వను. మిగతా సంగతి సోమవారం కాగితం మీద పెడతాను” అని ఆయన వెళ్ళిపోయారు.

నేనూ లేచాను. “నీ షీటు ఇవ్వమ్మా, బీరువాలో పెడతాను” అన్నారు మేడమ్. మామూలుగానే అన్నారు. పిల్లలను అడిగినట్టే. ఫైల్లోంచి తీసి ఇచ్చాను. ఎందుకిచ్చానో తెలియదు.

నేను తప్పేమీ చేయలేదు. చూసిందే రాశాను. ఎవరో ఒకరు రాయాలి కదా.

జూలై 25, శుక్రవారం

చూసిందే రాశాను.

జూలై 26, శనివారం

ఒంటిపూట బడి. మెట్ల దగ్గర నత్త ఒక్కతే కూర్చుని పాత నోట్‌బుక్‌లో ఏదో గీస్తోంది. వంగి చూశాను. పేజీ నిండా వేళ్ళు. తిప్పాను. అన్ని పేజీల నిండా వేళ్ళే. సగం వేళ్ళు. తెగి మూసుకుపోయిన చివర్లు. పది, ఇరవై, ముప్పై.

“ఇవన్నీ నువ్వే గీశావా?”

“మా నాన్న నిద్రపోయేటప్పుడు చూసి గీస్తాను టీచర్. మెలకువగా ఉంటే చెయ్యి దాచుకుంటాడు.”

“మరి నీ షీటు? మేడమ్ దిద్దలేదా?”

నేనేదో తిట్టినట్టు నా మొహం చూసింది. “మేడమ్ ఎందుకు దిద్దుతారు? ఆ బుధవారం ఇంటర్వెల్‌లో అడిగాను, బీరువా తీసి ఇచ్చారు. ఎవరడిగినా ఇస్తారు. మీరు మంగళ, గురువారాలే వస్తారు కదా.”

అయినా వదల్లేదు. “వెనక చుక్కలేంటి మరి?”

“అవా? అవి నేను భయపడ్డ చోట్లు.”

“అలాగని మేడమ్ చెప్పారా?”

“ఎవరూ చెప్పలేదు టీచర్. ఎత్తి పట్టుకుంటే కనపడదా ఏంటి?” అని నోట్‌బుక్‌లోంచి ఒక కాగితం చింపి వెలుతురుకు పట్టుకుంది. బాగా చెరిపిన చోట కాగితం అరిగి, అక్కడ మాత్రం వెలుగు ఎక్కువ దిగుతోంది. “ఇదిగో, ఇలా. ఎక్కడ ఎక్కువ చెరిపామో అక్కడ మేడమ్ వెనకాల చుక్క పెడతారు. మళ్ళీ క్లాసులో మన పెన్సిలు ఆ చోటికి వచ్చేసరికి వచ్చి పక్కన నిలబడతారు. మన కాగితం చూడరు. అటు తిరిగి ట్యాంకు చూస్తారు. ఆవిడ ఉంటే పక్కవాళ్ళు తొంగి చూడరు కదా. అప్పుడు గీసేస్తాను.”

“రబ్బరు ఒక్కటే ఎందుకు పెట్టారు?”

“అడిగితే ఎందుకని అడుగుతారుగా మనవాళ్ళు. చెప్పాలిగా. సగం సార్లు చెప్తూ ఉండగానే చెరపక్కర్లేదని తెలిసిపోతుంది.”

నా వైపు చూడకుండా అంది. “మీరు బాగుందన్నారు చూడండి, ఐదు వేళ్ళున్నప్పుడు. ఆ తర్వాత మార్చబుద్ధి కాలేదు. మీరు మెచ్చుకున్నది మా నాన్న చెయ్యి కాదు కదా అనిపించింది. నాలుగు రోజులు ముట్టుకోలేదు.”

మెట్లు దిగేటప్పుడు అడిగింది. “మా బొమ్మలు పెట్టనివ్వరంట కదా టీచర్. ఎవరో రాసిచ్చారంట.”

“ఎవరు చెప్పారు?” అన్నాను.

నేనే అని చెప్పలేదు.

జూలై 27, ఆదివారం

నెమలి నాది కాదు. కాలెండర్ మీది నెమలిని కిటికీ అద్దానికి ఆనించి దించాను. అప్పటి మా టీచర్ “చాలా బాగుంది, చాలా బాగుంది” అని క్లాసు క్లాసుకూ తిప్పి చూపించారు. అలా నాలుగో గదికి వెళ్ళేసరికి నేనే గీశానని నాకూ అనిపించింది.

ఆ తర్వాత ఒక్క బొమ్మా గీయలేదు. దీన్ని కూడా రాసుకోవాలి.

రేపు హెడ్మాస్టర్ గారు కాగితం మీద పెడతారు.

ఫారాలన్నిట్లో ఖాళీ టిక్కులు లెక్కపెట్టాను, హెడ్మాస్టర్ గారి దగ్గరున్న ఫారానివి ఈ డైరీలోంచి తీసి. నూట పదమూడు. నూట పదమూడు సార్లు ఆవిడ ఎవరో ఒకరి పక్కన నిలబడ్డారు.

జూలై 28, సోమవారం

బడి తెరవకముందే వెళ్ళాను.

“ఆ ఫారం ఒకసారి ఇస్తారా అండీ?”

ఇచ్చారు. ఆయన బల్ల మీదే, ఆయన చూస్తుండగానే, నా వాక్యం మీద పెన్నుతో ఒక్క గీత కొట్టాను. కింది మాటలు కనిపించేలాగే. దాని కింద ‘ఇది నేను చూడలేదు, అనుకున్నాను’ అని రాసి మళ్ళీ సంతకం చేశాను.

“ఏంటమ్మా ఇది?”

చుక్కల సంగతి, రబ్బరు సంగతి, కిటికీ సంగతి చెప్పాను. ఏకబిగిన చెప్పాను. కొంత తడబడ్డాను. ఆయన పూర్తిగా విన్నారు.

“సరే, ఉండొచ్చు. కానీ కొట్టివేత ఉంటే ఫారం చెల్లదని నీకు తెలుసుగా?”

“తెలుసండీ.”

“ఆర్నెల్లు పోతాయి నీకు. పిచ్చిపిల్లా, కొత్త ఫారం ఇస్తాను. ఈ వాక్యం లేకుండా టిక్కులు మాత్రం ఎక్కించు. ఇది చింపేద్దాం. నీకూ నష్టం లేదు, నాకూ ఆ ఖాళీ గడి చాలు.”

కొత్త ఫారం తెల్లగా, నున్నగా ఉంది. నా వైపు జరిపారు. నాన్న గుర్తొచ్చాడు. ఇప్పటికే వీధి వీధంతా చెప్పేసి ఉంటాడు. నిజంగానే పెన్ను మూత తీశాను. అది కూడా రాసుకోవాలి. మూత తీశాను.

“ఆ ఖాళీ కూడా ఖాళీ కాదండీ. ఆ గడికి ఇంకో పేరు ఉండాలి. కొట్టేసిన ఫారమే ఉంచండి. మీరు ఏం నిర్ణయించినా దీన్ని చదివాక నిర్ణయించామని రాయండి.”

“మొన్న పద్ధతైన పిల్లవనుకున్నాను” అన్నారు. ఫారం మాత్రం ఫైల్లో పెట్టారు.

మధ్యాహ్నం మా లెక్చరర్ మేడమ్ ఫోన్. కొట్టివేత సంగతి హెడ్మాస్టర్ గారు చెప్పారట, జనవరిలో రమ్మన్నారు. ఎందుకు కొట్టేశావని ఆవిడ అడగలేదు, నేనూ చెప్పలేదు.

జూలై 29, మంగళవారం

ఇక నేను రానక్కర్లేదు. అయినా వెళ్ళాను.

గుమ్మంలోనే అన్నాను. “మేడమ్, ఆ రాసింది...”

“తెలుసమ్మా. ఫైలు చూపించారు.”

“మీరెందుకు ఆ రోజే చెప్పలేదండీ? ఒక్క మాట చెప్తే సరిపోయేది కదా!”

“భయపడ్డ చోట్ల చిట్టా అది. పిల్లలది. ఆయన ముందు విప్పి చూపించమంటావా?” అన్నారు. ఆవిడ గొంతులో కోపం ఉంది. అదే మొదటిసారి వినడం. ఉండాల్సిందే. “కూర్చో. గీయి.”

నా షీటు ఇచ్చారు. వెనక్కి తిప్పాను. ఒక్కటే చుక్క.

ఎత్తి పట్టుకోకుండానే తెలిసింది. అయినా కిటికీకి పట్టాను. గాజుల దగ్గర కాగితం అరిగిపోయి, ట్యాంకు వైపు వెలుగు తెల్లగా దిగుతోంది.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. పెట్టె బరువు. అమ్మ నా వంక చూసింది, నా చెయ్యి జారింది. నా కాళ్ళ మీద పడాల్సింది అమ్మ మణికట్టుతో ఆపింది. మచ్చ ఇప్పటికీ త్రికోణంలా ఉంటుంది, పెట్టె మొన ఆకారంలోనే. పరాయివాళ్ళు వస్తే కొంగు ఆ చేతి మీదికి లాక్కుంటుంది. ఆ చేతికి గాజులు వేసుకోదు, మచ్చకు ఒరుసుకుంటాయని.

ముందు బెంచీలో ఒకమ్మాయి భుజం తట్టాను. “రబ్బరు ఇవ్వరా?”

“ఎందుకు చిన్న టీచర్?”

“ఇక్కడ తప్పొచ్చింది.”

“ఎక్కడ? గాజులు సూపర్‌గా ఉన్నాయి కదా!”

“మా అమ్మ ఈ చేతికి గాజులు వేసుకోదు.”

నలుగురూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. దారం నా దాకా రాలేదు. నత్త మేకు దగ్గర ముడి విప్పి రబ్బరు నా చేతిలో పెట్టింది. “మీరే రాసిచ్చారంట కదా” అంది, నాకు మాత్రమే వినపడేలా.

“అవును. నేనే.”

తల ఊపింది. రబ్బరు వెనక్కి తీసుకోలేదు.

గాజులు చెరిపాను. పుస్తకం చెరిపాను. పెట్టె గీశాను. మణికట్టు దగ్గరికి వచ్చేసరికి పెన్సిలు గాల్లోనే ఉండిపోయింది. పక్కన చీర అంచు కనిపించింది. తలెత్తి చూడలేదు. ఆవిడ ఎటు చూస్తున్నారో నాకు తెలుసు.

ఎంతసేపు నిలబడ్డారో తెలియదు. టిక్కులు పెట్టలేదు.

ఆగస్టు 1, శుక్రవారం

హెడ్మాస్టర్ గారి కాగితం వచ్చింది. మంగళవారం పీరియడ్ లెక్కలకు పోయింది. గురువారానిది ఉంది. మేడమ్‌కు ఈ ఏడాదికి పొడిగించారు, ‘పరిశీలనలో’ అని ఒక మాట చేర్చి. ఆ మాట నావల్ల వచ్చిందే. ఏ గీతతోనూ పోదు.

ఏడో తరగతి బొమ్మలు వరండాలో పెట్టనిచ్చారు. నత్త బొమ్మ ముందు వాళ్ళ నాన్న రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాడు. చివరికి ఒకటి బయటికి తీసి బొమ్మ పక్కన పెట్టి చూసుకున్నాడు.

నా షీటు కూడా వరస చివర్న పెట్టారు. అమ్మానాన్న షాపు మూసి వచ్చారు. నాన్న నిరాశపడ్డాడు. “ఇదేంటమ్మలూ, మన పెట్టెనా? నెమలి లాంటిదేదైనా గీయకపోయావా? అందరికీ చెప్పి తీసుకొచ్చాను.”

నెమలి సంగతి చెప్పాను. జనవరి సంగతి కూడా అక్కడే చెప్పాను. నాన్న వరండా చివరి దాకా వెళ్ళి, తిరిగి వచ్చాడు. “ఫ్రేమ్ డబ్బులు దండగ” అన్నాడు.

అమ్మ అసలు కదల్లేదు. బొమ్మకు బాగా దగ్గరగా జరిగింది. మచ్చ మీదికి లాక్కున్న కొంగు ఎప్పుడు జారిందో ఆమె చూసుకోలేదు. బాగుందని అనలేదు. చాలాసేపు చూసి, బొమ్మ మీద వేలు పెట్టబోయి, ఆపుకుంది.

“పిడి ఇంత కిందికి ఉండదే. ఇలా ఉంటే పట్టుకున్న చెయ్యి కాలుతుంది. ఇంకా పైకి గీయి.”

సూచన: 1.